స్లాబుకు నీళ్లు పోయు విధానము

చిన్న ఇల్లు కట్టుకునేవారు ముందుగా గ్రహించాల్సింది, నీటి స్థానం ఈశాన్యం. సంపు జానెడు పక్కకు జరిగినా సిద్ధాంతిగారు ఊరుకోరు. అదే నీళ్లు కాంక్రీటులో ఎన్ని పడాలో అడిగే సిద్ధాంతి మాత్రం ఏ ఊళ్లోనూ దొరకడు.

ఇంజనీర్లు 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్లు మించొద్దంటారు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలట. వాళ్లెప్పుడైనా తట్ట మోశారా? కలిపిన కాంక్రీటు మాలు గట్టిగా ఉంటే రాడ్ల సందుల్లోకి దిగదు, దాన్ని అదిరించి కూర్చే వైబ్రేటరు అద్దెకు తేవాలి. మాలు కలిపే మిల్లరు దగ్గరి కుర్రాడు ఇంకో సగం బకెట్టు గుమ్మరించాడంటే, మాలు పప్పుచారులా దానంతటదే పరుచుకుంటుంది. మేస్త్రీ సుఖం, మన సుఖం.

కొంచెం లెక్క చూద్దాం. 900 చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం. దూలాలు వదిలేస్తే సుమారు 85 బస్తాలు. బస్తాకు 10 లీటర్లు ఎక్కువైతే మొత్తం 850 లీటర్ల అదనపు తీర్థం. అదంతా ఆవిరై పోతూ పోతూ కాంక్రీటులో సన్నని దారులు చేసి పోతుంది. బలం దాదాపు మూడో వంతు తగ్గుతుంది, తగ్గనివ్వండి. వానాకాలం నీళ్లు లోపలి రాడ్డును పలకరించడానికి ఆ దారులే కదా ఆధారం!

నీళ్ల పొదుపు మాత్రం స్లాబు వేసిన మర్నాటి నుంచి మొదలుపెట్టాలి. పీపీసీ (బూడిదలాంటివి కలిపిన) సిమెంటైతే కనీసం 10 రోజులు స్లాబు తడి ఆరకూడదు, మన ఎండలకు రెండు వారాలైతే మేలు. మడులు కట్టి రెండంగుళాల నీళ్లు నిలిపితే సరిపోతుంది గానీ, ట్యాంకరుకు డబ్బులెవరిస్తారు? పైపుతో రెండు రోజులు చిలకరించి, మూడో రోజు దానిమీద ఇటుకలు పేర్చుకోవడం సంప్రదాయం.

ఇక బాల్కనీ. గోడ దాటి బయటికొచ్చిన స్లాబుకు లాగుడంతా పైభాగంలోనే. అందుకే మెయిన్ రాడ్డు పైన ఉండాలి, కింద చైర్లు (వంచిన రాడ్డు ముక్కల పీటలు) పెట్టి నిలపాలి, బయటికి ఎంత వచ్చిందో లోపలికీ కనీసం అంత పొడవు పోవాలి. తట్టలు మోసేవాళ్లు సరిగ్గా ఆ రాడ్డు మీదే నడుస్తారు. మధ్యాహ్నానికల్లా చైర్లు ఒరిగిపోయి, రాడ్డు సెంట్రింగ్ షీటుకు అతుక్కుపోతుంది. చూడాల్సిన ఇంటాయన ఆ వేళకు కింద బిర్యానీ వడ్డిస్తుంటాడు. సెంట్రింగ్ విప్పాక బాల్కనీ ముందుకు వాలిందా? కంగారెందుకు, వాననీళ్లు పోవడానికి వాటం కుదిరింది.