పదకొండు పేజీల ఆనందం

డిసెంబర్ ఆఖరి వారం రాగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఫోన్ టింగుమంటుంది. తెరిస్తే పీడీఎఫ్. పంపినవాడు నా చిన్ననాటి మిత్రుడు. అది వాళ్లింటి వార్షిక నివేదిక, దాని పేరు 'మా ఏడాది: ఒక అందమైన ప్రయాణం'. మొదట్లో ఈమెయిల్లో వచ్చేది, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తోంది. ఇది పద్నాలుగో సంచిక. మొదటి ఏడాది ఒకే ఒక్క పేజీ, అందులోనూ సగం 'మీ టైం తీసుకుంటున్నందుకు సారీ' అనే మాటలే. ఈసారి విషయసూచికతో కలిపి పదకొండు పేజీలు, సారీ ఎక్కడా లేదు. కంపెనీ వార్షిక నివేదికకైతే ఆడిటర్ సంతకం ఉంటుంది. మీటింగులో ఎవరో ఒక వాటాదారుడు లేచి 'ఈ లెక్క ఎక్కడిదండీ' అని అడిగే వీలుంటుంది. మనకేముంది? చప్పట్ల బొమ్మ ఉంది.

ఉదయం 9 గంటల 2 నిమిషాలకు ఫైలు వచ్చింది. 9 గంటల 3 నిమిషాలకు నేను చప్పట్లు కొట్టేశాను. ఒకటి కాదు, మూడు. చదవలేదు. మీరు మాత్రం చదువుతారా? వెంటనే వాడి దగ్గర్నుంచి కూడా చప్పట్ల బొమ్మ వచ్చింది. ఏడాదికి సరిపడా స్నేహం ఒక్క నిమిషంలో పూర్తయింది.

అందరికీ ఒకటే అచ్చు పంపే ఈ దురలవాటుకు మూలపురుషుడెవరా అని వెతికితే లండన్‌లో తేలాడు. హెన్రీ కోల్. 1840లో బ్రిటన్‌లో ఒక్క పెన్నీకే ఉత్తరం చేర్చే పెన్నీ పోస్ట్ మొదలై ఉత్తరం చవకైపోయింది, ఇక అందరూ అందరికీ రాయడమే. కోల్ గారి బల్ల మీద జవాబివ్వాల్సిన ఉత్తరాలు గుట్టపడ్డాయి. పెద్దమనిషి, పలుకుబడి ఉన్నవాడు, జవాబివ్వకపోతే బాగుండదు, ఇవ్వడానికి తీరిక లేదు. 1843లో హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక బొమ్మ వేయించి, వెయ్యి కాపీలు అచ్చు కొట్టించి, పేరు రాసుకోవడానికి కాస్త ఖాళీ వదిలాడు. మొట్టమొదటి క్రిస్మస్ కార్డుగా అమ్మకానికి వచ్చింది అదే. అంటే శుభాకాంక్షల కార్డు పుట్టిందే ఉత్తరం రాసే బాధ తప్పించుకోవడానికన్నమాట. ఆ కార్డు మధ్యలో ఒక కుటుంబం బల్ల చుట్టూ కూర్చుని ఉంటుంది. పిల్లలు, పెద్దలు, ముసలివాళ్లు, మూడు తరాలు. ఈ మూడు తరాల సంగతి గుర్తుపెట్టుకోండి.

మావాడి నివేదికలో మొదటి పేజీ నిండా ఒక ఫోటో. సముద్రం ఒడ్డున కుటుంబం మొత్తం గాల్లో ఉన్న ఫోటో. ఆ ఫోటో తీసిన దౌర్భాగ్యుణ్ని నేనే.

జనవరిలో సంగతి. నలుగురికీ ఒకే లేతనీలం చొక్కాలు. మావాడు, వాళ్లావిడ, పన్నెండేళ్ల కూతురు, ఏడేళ్ల కొడుకు. 'ఒకటి, రెండు, మూడు అంటావు, మేం ఎగురుతాం, నువ్వు నొక్కుతావు, అంతే' అన్నాడు. అంతే అనుకున్నాను. మొదటిసారి పిల్లవాడు రెండుకే ఎగిరాడు. రెండోసారి మావాడు నాలుగుకి ఎగిరాడు, నేను నాలుగు అననేలేదు. మూడోసారి ఒక చర్చ జరిగింది. మూడు అన్నాక ఎగరాలా, మూడు అంటున్నప్పుడు ఎగరాలా? కూతురు అంటున్నప్పుడే అంది. వాళ్లావిడ అన్నాకే అంది. మావాడు దీనికో విధానం ఉండాలన్నాడు. సముద్రం దాని మానాన అది వచ్చి పోతోంది. పదో ప్రయత్నంలో ముగ్గురు గాల్లో, ఒకరు నేల మీద. పదిహేడోసారి నలుగురూ గాల్లోకి లేచారు గానీ మావాడి మొహం ఎవరో కాలు తొక్కినట్టుంది. 'నవ్వుతూ ఎగురు' అంది వాళ్లావిడ. ఎగిరితే నవ్వు రాదు, నవ్వితే కాలు లేవదు, మావాడి శరీర నిర్మాణం అలాంటిది. ఇరవై ఆరోసారి చక్కగా కుదిరింది. కానీ నా వేలు అడ్డొచ్చింది. ఆ తర్వాత కాసేపు నాతో ఎవరూ మాట్లాడలేదు.

ఇదంతా చూస్తూ పక్కన బాబాయ్ కూర్చున్నాడు. బాబాయ్ అంటే మావాడి నాన్న. నాకు సైకిల్ నేర్పించిన మనిషి. వెనక సీటు పట్టుకున్నానని చెబుతూ ఎప్పుడో వదిలేసి, వీధి చివర నేను పడ్డాక 'చూశావా, ఇక్కడిదాకా నువ్వే తొక్కావు' అన్న మనిషి. ఆయనకు ఆ రోజు అప్పజెప్పిన ఉద్యోగం నాలుగు జతల చెప్పులకు కాపలా. ప్రతి ప్రయత్నం అయ్యాక నన్నడిగేవాడు. 'ఒరేయ్, ఈసారైనా మావాడు నేల వదిలాడా?' ఇంతలో పెద్ద అల వచ్చింది. ఆయన గబగబా లేచి, ఎనిమిది చెప్పులూ రెండు చేతుల్లోకి తీసుకుని నిలబడ్డాడు. అప్పుడే నేను నలభై ఒకటోసారి 'మూడు' అన్నాను. నలుగురూ లేచారు. మావాడు నవ్వుతున్నాడు కూడా. ఫోటోకి కుడి అంచున బాబాయ్ ఉన్నాడు. ఆయన్ని ఎవరూ ఎగరమనలేదు. అయినా చేతుల నిండా చెప్పులతో, మడమలు ఒక అంగుళం పైకి లేచి ఉన్నాయి.

సరే, మళ్లీ నివేదికలోకి. రెండు నుంచి నాలుగు పేజీలు ప్రయాణాలు. పారిస్ వెళ్లారు, లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసాను చూశారు. 77 సెంటీమీటర్ల పొడవు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆ బొమ్మ అద్దం వెనక, జనం అవతల, వాళ్ల ఫోటోలో తపాలా బిళ్లంత కనిపిస్తుంది. దాని ముందు నలుగురూ దానికి వీపు పెట్టి నిలబడ్డారు. కింద వ్యాఖ్య: 'మాటల్లో చెప్పలేని అనుభూతి'. దాని కింద ఆ అనుభూతి గురించి రెండు పేరాలు.

అయిదు, ఆరు పేజీలు కొత్త ఇల్లు. పాత సోఫా తలుపులోంచి పట్టలేదట, పట్టించడం ఎలాగో బొమ్మ గీసి మరీ చూపించాడు. తనంతట తనే ఇల్లు ఊడ్చే గుండ్రటి రోబో ఒకటి కొన్నారట. దానికి పిల్లలు ముద్దుపేరు పెట్టారట. అది మెట్లంటే భయపడుతుందట, కర్టెన్ అంటే పడదట, రాత్రిళ్లు మంచం కింద ఇరుక్కుని అరుస్తుందట. దాని వ్యక్తిత్వం మీద రెండు పేరాలు, మూడు ఫోటోలు. ఆ వస్తువు గురించి ఇప్పుడు నాకు తెలిసినంత, నా సొంత మేనల్లుడి గురించి తెలియదు.

ఎనిమిదో పేజీ 'స్నేహితులే మా ఆస్తి'. ఇందులో నేనూ ఉన్నాను, గ్రూపు ఫోటోలో, వెనక వరసలో, సగం చెవి. నివేదిక వచ్చింది బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒక్క నొక్కుతో అందరికీ విడివిడిగా వెళ్లే వాట్సాప్ జాబితాలో. ఒక లిస్టులో 256 మందిదాకా పడతారు. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు 2018లో తేల్చిన లెక్క ఒకటుంది. ఇద్దరు మనుషులు బాగా దగ్గరి స్నేహితులు కావాలంటే 200 గంటలకు పైగా కలిసి గడపాలి. లిస్టు నిండిందనుకుంటే 256 మందికీ తలా 200 గంటలు, మొత్తం 51,200 గంటలు. నిద్ర, తిండి మానేసి ఒక్కొక్కరితో కూర్చుంటూ పోతే అయిదేళ్ల పది నెలలు. పీడీఎఫ్‌కి పట్టేది ఒక్క నొక్కు. మావాడిది తెలివైన పనే, ఒప్పుకుంటాను.

ఏడో పేజీ వదిలేశానని గమనించారా? నేనూ వదిలేసేవాణ్నే. ఏ సంచికనూ నేను పూర్తిగా చదివింది లేదు. ఈసారి ఎగతాళిగా ఒక వ్యాసం రాద్దామని, సరుకు కోసం, నాలుగు రోజుల తర్వాత తీరిగ్గా తెరిచాను. రోబో పేరాలు అయిపోయాయి, పేజీ తిరిగింది. పైన ఒక వాక్యం.

'ఏప్రిల్‌లో నాన్నగారు మమ్మల్ని వదిలి వెళ్లారు.'

అయిదు మాటలు. ఆ వెంటనే, అదే పేరాలో, 'మేలో కొత్త ఇంట్లో అడుగుపెట్టాం, వంటగదిలో వెలుతురు అద్భుతం'.

డెబ్బై ఎనిమిదేళ్లు బతికిన మనిషికి అయిదు మాటలు, ఊడ్చే యంత్రానికి రెండు పేరాలా! వంటగదిలో వెలుతురు బాగుందా? సంతోషం. ఆ మనిషి లేని ఇంట్లో ఎంత వెలుతురుంటే ఎవడిక్కావాలి? మొదటి పేజీకి వెనక్కి వెళ్లి ఫోటో మళ్లీ చూశాను. కుడి అంచు కత్తిరించారు. నలుగురు సరిగ్గా మధ్యకు వచ్చేలా కొలిచి కత్తిరించారు. మిగిలింది ఒక మణికట్టు, దానికి వేలాడుతున్న రెండు చెప్పులు. 1843లో పని తప్పించుకోవడానికి కార్డు వేయించిన ఆ బద్ధకస్తుడు కూడా ముసలివాళ్లను బొమ్మలోంచి తీసేయలేదు కదరా!

2014లో ఫేస్‌బుక్ ఇలాంటి పనే చేసింది. 'మీ ఏడాది' అంటూ అందరికీ దానంతటదే ఆల్బమ్ తయారుచేసి చూపించింది. ఎరిక్ మేయర్ అనే వెబ్ డిజైనర్‌కి అది చూపించిన ఫోటో, ఆ ఏడాదే చనిపోయిన ఆరేళ్ల కూతురిది. చుట్టూ డ్యాన్సు చేసే బొమ్మలు. గొప్ప ఏడాది గడిచింది, ఇందులో భాగమైనందుకు థాంక్స్ అనే మాటలు. ఆయన దాని మీద రాస్తే ఆ కంపెనీ మనిషి క్షమాపణ చెప్పాడు. యంత్రానికి చావు తెలియదు, పోనీ అనుకుందాం. మావాడు యంత్రం కాదు. కూర్చుని, ఫాంట్ ఎంచుకుని, ఏప్రిల్ తర్వాత మే వస్తుంది కాబట్టి మే రాశాడు. అందరికీ ఆ వాక్యం వెళ్లింది. ఎంతమంది చప్పట్లు కొట్టారో తెలియదు. నేను కొట్టాను. మూడు.

ఇంకోటి. పదో పేజీలో 'సెప్టెంబర్ నుంచి కుటుంబంతో పూర్తి సమయం గడిపే అదృష్టం దక్కింది' అని ఉంది. ఉద్యోగం చేసిన ప్రతివాడికీ ఈ అదృష్టం అర్థం తెలుసు. పొద్దున బ్యాడ్జి పనిచేయదు, మధ్యాహ్నానికి అట్టపెట్టెతో గేటు బయట ఉంటాం. పద్దెనిమిదేళ్లు చాకిరీ చేయించుకున్న కంపెనీ ఇచ్చిన అదృష్టం అది.

హోమ్స్, రాహే అని ఇద్దరు వైద్యులు 1967లో మనిషి జీవితంలో జరిగే 43 సంఘటనలకు ఎంత ఒత్తిడో మార్కులు వేశారు. భర్తో భార్యో పోతే 100. అక్కణ్నుంచి కిందికి. దాన్ని పెట్టుకుని మావాడి పేపరు దిద్దాను. ఇల్లు మారడం 20, పిల్లల బడి మారడం 20, గొప్ప విజయం 28 (కూతురి ఈత పతకం, దానికో పేజీ), విహారయాత్ర 13. మొత్తం 81. ఈ 81 మార్కులకే దాదాపు పదకొండు పేజీలూ పోయాయి. ఇక దగ్గరి మనిషి చావు 63, ఉద్యోగం పోవడం 47. ఈ 110 మార్కులకు ఇచ్చింది రెండు వాక్యాలు. 150 దాటితే ఆరోగ్యం జాగ్రత్త అని ఆ డాక్టర్ల లెక్క. మావాడికి 191 వచ్చాయి.

రాత్రి పదింటికి ఫోన్ చేశాను. జనవరి తర్వాత వాడికి నేను ఫోన్ చేయడం అదే మొదలు. ఆ సంగతి డయల్ చేస్తున్నప్పుడు గుర్తొచ్చింది, అయినా కోపం తగ్గలేదు. ఎత్తగానే ఎప్పటిలాగే 'చదివావా?' అన్నాడు.

'ఏడో పేజీ చదివాను.'

కాసేపు ఏమీ వినపడలేదు. వెనక ఆ రోబో ఎక్కడో ఇరుక్కుని అరుస్తోంది.

'ఆ నెలంతా హాస్పిటలూ, ప్యాకింగూ రా. తర్వాత ఒక్కొక్కరికీ చేసి చెప్పడానికి నోరు రాలేదు. అందరికీ ఒకేసారి చెప్పేద్దామని' అన్నాడు.

తిట్టాను. గట్టిగానే తిట్టాను. మధ్యలో ఆపడానికి ప్రయత్నం కూడా చేయలేదు వాడు. నా దగ్గర తిట్లు అయిపోయాక అడిగాడు. 'ఆ ఫోటో మొత్తం నీ దగ్గరుందా? పాత ఫోన్ ఇల్లు మారేటప్పుడు పోయింది. నా దగ్గర ఈ కత్తిరించిందే మిగిలింది.'

నా ఫోన్లో ఉంది. బాబాయ్, ఎనిమిది చెప్పులు, అంగుళం పైకి లేచిన మడమలు. పంపాను. వెంటనే రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు చూశాను. చప్పట్ల బొమ్మ రాలేదు.