గంగిరెద్దు తల ఎందుకు ఊపింది

ఈసారి మన సంఘం సంక్రాంతి సంబరాలు విజయనగరంలో పెట్టుకున్నాం. ముగ్గుల పోటీ, హరిదాసు, అరిసెల స్టాలు, అన్నీ ఈ సంచిక మొదటి పేజీల్లో ఫొటోలతో సహా వచ్చాయి కాబట్టి మళ్లీ చెప్పను. ఆ ఫొటోల్లో ఒకటి మీరూ చూసే ఉంటారు. స్టేజీ మీద గంగిరెద్దు, పక్కన మైకు పట్టుకున్న యాంకర్, కింద పడీపడీ నవ్వుతున్న మనం. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ గంగిరెద్దుల ఆయన్ని పొద్దున తొమ్మిదికే రమ్మన్నాం. స్టేజీ మీదికి పిలిచేసరికి పన్నెండున్నర దాటింది. అప్పటిదాకా ఆ ఎద్దు గేటు పక్కన ఎండలోనే నిలబడింది. ఒంటినిండా బొంతలు, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో గంటలు, కాళ్లకు గజ్జెలు. ఎద్దుకు నీళ్లు కావాలని ఆయన అడిగితే మన వాలంటీరు కుర్రాడు ఒక వాటర్ బాటిల్ తెచ్చి ఇచ్చాడు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఎద్దు ఎన్ని నీళ్లు తాగుతుందో వాడికి మనం ఎప్పుడు చెప్పాం?

స్టేజీ ఎక్కాక యాంకర్ మొదలుపెట్టాడు. "ప్రెసిడెంటు గారు వచ్చే ఏడాది కూడా ఉంటారా?" ఎద్దు తల ఊపింది. "కోశాధికారి గారు లెక్కలు చూపిస్తారా?" మళ్లీ ఊపింది. "ఈరోజు పులిహోర బాగుందా?" ఊపింది. జనం చప్పట్లు. ఆఖర్న పిల్లల వైపు తిరిగి, "చూశారా పిల్లలూ, దీనికి బుర్ర ఉండదు. ఏం అడిగినా ఊపేస్తుంది. అందుకే బుర్ర లేనివాళ్లని గంగిరెద్దు అంటారు" అన్నాడు. నా పక్కన కూర్చున్న మా మేనకోడలి కూతురికి ఎనిమిదేళ్లు. నా చొక్కా లాగి, "తాతా, నిజంగా దానికేమీ తెలీదా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే అప్పటికి పది నిమిషాలుగా నేను చూస్తున్నది ఎద్దు ఆడించే ఆయన చేతిని. ఆయన చంకలో డోలు, కుడిచేతిలో పుల్ల. యాంకర్ ప్రశ్న పూర్తయ్యాక ఆ పుల్ల కొసన చిన్న కదలిక. దాంతోపాటే భుజం ఒక్క అరంగుళం కిందికి దిగేది. అప్పుడు తల ఊపేది ఎద్దు. ఒకసారి యాంకర్ ప్రశ్న మధ్యలో ఆపి ఏదో జోకు వేశాడు. ఈలలు మోగాయి, స్పీకర్లు అదిరాయి. ఎద్దు కదల్లేదు. దాని చెవులు రెండూ ఆయన వైపే తిరిగి ఉన్నాయి. అన్ని వందల మంది గోలను పక్కన పెట్టి, ఒక్క మనిషి భుజం ఎప్పుడు దిగుతుందా అని చూస్తోంది. ఆ గ్రౌండులో అంత శ్రద్ధగా ఇంకొకరిని గమనిస్తున్న ప్రాణి ఇంకోటి లేదు.

కార్యక్రమం అయ్యాక గేటు దగ్గర ఆయన్ని కలిశాను. "నీ పుల్ల చూసి ఊపుతోంది కదా అన్నా?" అని అడిగితే నవ్వాడు. "దూడప్పట్నుంచి నా పక్కనే పడుకున్నాది బాబూ. పుల్ల కూడా ఎందుకు? నాను ఊపిరి పీల్సినా దానికి తెలిసిపోద్ది" అన్నాడు. కాసేపాగి, ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, "బుర్ర నేదన్నారు. పోన్లెండి, డబ్బులైతే ఇచ్చీసినారు కదా" అన్నాడు. ఆ మాట నాతో పాటు విమానం ఎక్కి వచ్చింది.

సరిగ్గా ఇలాంటి సంగతే వందేళ్ల కిందట జర్మనీలో పెద్ద చర్చ అయింది. బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే బడిపంతులు దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడిక, తీసివేత అడిగితే గిట్టతో అన్నిసార్లు నేలను తట్టి జవాబు చెప్పేది. 1904లో పండితుల సంఘం ఒకటి వచ్చి పరీక్షించి, మోసమేమీ కనపడలేదని చెప్పింది. తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన ఓపిగ్గా పరీక్షలు పెట్టి 1907లో గుట్టు విప్పాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోయినా, అడిగేవాడు గుర్రానికి కనపడకపోయినా హాన్స్ తప్పు చెప్పేది. సరైన అంకె రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే కొద్దిగా కదిలేది. గుర్రం అది చూసి గిట్ట ఆపేది.

ఈ కథను చాలామంది "చూశారా, గుర్రానికి లెక్కలు రావు" అని ముగిస్తారు. లెక్కలు రావు, నిజమే. కానీ బెర్లిన్ పండితులకు కనపడని కదలిక దానికి కనపడింది. ఎవరూ నేర్పకుండానే ఆ కదలికను పట్టుకుని, దాన్నిబట్టి ఏం చెయ్యాలో తనంతట తాను నేర్చుకుంది. దాన్ని తెలివి అనకపోతే ఏమనాలి?

పశువుకు ఈ చూపు ఊరికే రాలేదు. ఎద్దు కళ్లు మనలా ముందుకు ఉండవు, పక్కలకు ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ కనిపిస్తుంది. పులి పొంచి ఉండే అడవిలో మేసిన జాతి అది. గడ్డి చిన్నగా కదిలినా, మందలో పక్కదాని చెవి నిక్కినా పట్టించుకున్నవే బతికి పిల్లల్ని కన్నాయి. మూపురం ఉన్న మన ఎడ్లను సింధు లోయ పక్కన మెహర్‌గఢ్ ప్రాంతంలో మచ్చిక చేసి సుమారు 8,000 ఏళ్లవుతుంది. మందను గమనించిన ఆ చూపే మనిషిని గమనించడానికి మళ్లింది. 1871లోనే డార్విన్ రాశాడు, మనిషి బుద్ధికీ పై తరగతి జంతువుల బుద్ధికీ మధ్య తేడా ఎంత పెద్దదైనా అది ఎక్కువ తక్కువల తేడాయే గాని వేరే రకం కాదని.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి.

1987లో నాకు పదకొండేళ్లు. బొబ్బిలి దగ్గర మా ఊరు. మా ఇంట్లో సూరీడు, సెంద్రుడు అని ఒక జత ఎడ్లు ఉండేవి. సెంద్రుడు దాపటి ఎద్దు. కాడి కట్టినా, సాలలో కట్టినా, ఏట్లో నీళ్లు తాగినా సూరీడికి ఎడమవైపే నిలబడేవాడు. అక్క పెళ్లికి డబ్బులు చాలక నాన్న సెంద్రుణ్ణి మానాపురం సంతలో అమ్మేశాడు. కొన్నాయనది గజపతినగరం అవతల, చంపావతి దాటి ఏదో ఊరు. నాన్న సాయంత్రం ఒట్టి పలుపు భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ రాత్రి అమ్మ అన్నం వండింది గాని ఎవరం సరిగా తినలేదు. సూరీడు గడ్డి ముట్టలేదు. మూడు రోజులు కుడితి వాసన కూడా చూడలేదు.

అయిదో రోజు తెల్లవారుజామున నాన్న కేకేశాడు. "ఓరి గుంటా, లెగు! సెంద్రుడొచ్చీసినాడ్రా!" పరుగెత్తుకెళ్లాను. సాలలో నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద, మెడకు తెగిన తాడు, ముక్కు దగ్గర గీరుకుపోయి నెత్తురు గడ్డకట్టింది. సూరీడికి ఎడమవైపు, తన చోటులో, గాడికి తల ఆనించి నిలబడ్డాడు. సూరీడు వాడి మెడ నాకుతున్నాడు. ముప్ఫై కిలోమీటర్ల పైనే దూరం. సంత దాటి అవతలికి వాడు అంతకుముందు ఎన్నడూ పోలేదు. ఏటిని ఎక్కడ దాటాడో, ఏ రోడ్డు పట్టుకున్నాడో మాకెవరికీ తెలియదు.

నేను వాడి కాలు పట్టుకుని ఏడ్చాను. ఉంచేద్దాం నాన్నా అన్నాను. నాన్న చాలాసేపు గట్టు మీద కూర్చున్నాడు. "మాటిచ్చీసినాం. డబ్బు తినీసినాం. ఉంచుకుంటే తప్పురా" అన్నాడు. అమ్మ గోరువెచ్చని నీళ్లతో కడిగి, పుండుకు పసుపు పెట్టి, తవుడు పెట్టింది. మర్నాడు నాన్నే నడిపించుకుంటూ తీసుకెళ్లి అప్పగించి వచ్చాడు. వెళ్లేటప్పుడు సెంద్రుడు బొమ్మల్లే వెంట నడిచాడు. అది నాన్న చేతి మీద ఉన్న నమ్మకం. ఆ తర్వాత వాడు రాలేదు. ఆ రైతు బాగానే చూసుకున్నాడని మా నాన్న బతికున్నన్నాళ్లూ అంటూ ఉండేవాడు.

అదే నాన్న దుక్కిలో ముల్లుకర్రతో పొడిచేవాడు కూడా. సెంద్రుడి తొడ మీద రెండు మచ్చలు ఉండేవి. కనుమ నాడు కొమ్ములకు రంగులు వేసి, నుదుట బొట్టు పెట్టి, పొంగలి తినిపించి దండం పెట్టిన చెయ్యీ అదే. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూడటం నాకు ఈ వయసులోనూ కష్టంగానే ఉంటుంది. కానీ ఒకటి చెప్పగలను. పొడిచినప్పుడు గాని, దండం పెట్టినప్పుడు గాని వాడికి ఏమీ తెలియదని నాన్న అనుకోలేదు. "ఆడికన్నీ తెలుసురా" అనేవాడు.

నాన్నకు తెలిసింది ఇప్పుడు పరిశోధనల్లో ఒక్కొక్కటిగా వస్తోంది. కేంబ్రిడ్జిలో డోనాల్డ్ బ్రూమ్ బృందం పెయ్యదూడలకు ఒక పలకను నొక్కితే గేటు తెరుచుకుని మేత దొరికేలా ఏర్పాటు చేసింది. కిటుకు అంతుబట్టిన దూడల గుండె వేగం పెరిగింది, గెంతుతూ గేటు వైపు పరుగెత్తాయి. తమ పనితో సంబంధం లేకుండా గేటు దానంతటదే తెరుచుకున్న దూడల్లో అంత హుషారు లేదు. మేతకు తోడు, నేర్చుకున్నానన్న సంబరం కూడా ఉందన్నమాట. అక్కడికి దగ్గర్లోనే కీత్ కెండ్రిక్ బృందం 2001లో గొర్రెల మీద చేసిన పని ఇంకా గట్టిది. ఒక గొర్రె 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకుంది. మనం మాత్రం ఆలోచన లేనివాణ్ణి గొర్రె అంటాం.

సియాటిల్‌లో ఉన్న మన సభ్యులకు అక్కడి కాకుల సంగతి తెలిసే ఉంటుంది. 2006లో జాన్ మార్జ్‌లఫ్ బృందం ఒక ముసుగు తొడుక్కుని కొన్ని కాకుల్ని పట్టి వదిలింది. ఏళ్ల తర్వాత కూడా ఆ ముసుగు కనపడితే కాకులు గోల చేసేవి. పట్టినప్పుడు పుట్టనివి కూడా పెద్దవాటిని చూసి నేర్చుకుని గోల చేసేవి. పక్షుల దారి, మన దారి విడిపోయి 30 కోట్ల ఏళ్లకు పైనే అయింది. కాకి మెదడు మన మెదడులా మడతలు పడి ఉండదు. అయినా ముఖాలు గుర్తుపెట్టుకోవడం, బిడ్డలకు చెప్పడం అక్కడా వచ్చింది. తద్దినం నాడు పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే మనకు ఇది వింతగా అనిపించకూడదు.

కమిటీలో ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, యాంకర్ సరదాకి అన్న మాట అది, సీరియస్‌గా తీసుకోకండి" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. గంగిరెద్దులా తల ఊపడం అనే మాట మన పెద్దలు అన్నదే, యాంకర్ పుట్టించింది కాదు. ఎద్దుకు తెలుగు రాదు, పులిహోర రుచి గురించి దానికి అభిప్రాయం లేదు. పశువుకు లేని గుణాలు అంటగట్టడమూ తప్పే. ఇంకొక చెల్లెమ్మ దీనికి పూర్తిగా ఎదురు మాట అంది. ముక్కు కుట్టి ముకుతాడు వేసి ఆడించడమే హింస అని, గంగిరెద్దుల్ని అసలు పిలవొద్దని. ఆ మాట కూడా నేను తోసిపుచ్చలేను. సెంద్రుడి ముక్కు నెత్తురు చూసినవాణ్ణి.

అయినా పిలవడం మానొద్దని అడుగుతున్నాను. మానేస్తే ఆ ఎద్దుకు ఎండ తప్పుతుంది, ఆ కుటుంబానికి కూడు తప్పుతుంది. మన పిల్లలకు ఎద్దంటే ప్లైవుడ్ బొమ్మే మిగులుతుంది. వచ్చే సంక్రాంతికి యాంకర్‌ని కాసేపు పక్కన కూర్చోబెట్టి, పదిహేను నిమిషాలు మైకు ఎద్దు ఆడించే ఆయనకే ఇవ్వండి. దూడను ఎలా ఎంచుకుంటాడు, మొదట ఏం నేర్పుతాడు, అది అలిగితే ఏం చేస్తాడు, ఆయన నోటితోనే చెప్పనివ్వండి. పిల్లల్ని స్టేజీ దగ్గర కూర్చోబెట్టి, ఎద్దు ఎవరిని చూస్తోందో కనిపెట్టమనండి. మా మేనకోడలి కూతురికి నేను అదే చెప్పాను. వీడియో మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి, "తాతా, ఆయన భుజం!" అని అరిచింది.

వేళ చెప్పి పిలిచి ఆ వేళకే స్టేజీ ఎక్కించండి. గేటు దగ్గర చెట్టు నీడలో కట్టే చోటు చూడండి. పచ్చగడ్డి మోపు, నీళ్లకు పెద్ద తొట్టి నేను పంపిస్తాను, ఆ ఖర్చు కమిటీ లెక్కల్లో రాయొద్దు.