అది నీళ్ల బావండీ, మాది కాదు

పశ్చిమ టెక్సాస్‌లో, పీకోస్ కౌంటీలో, ఇంపీరియల్ అనే పల్లెకు దగ్గర్లో ఒక సరస్సుంది. పేరు లేక్ బోమర్. సుమారు 60 ఎకరాలు. ఎవరూ తవ్వించలేదు, వానకు నిండలేదు. 1940, 50ల్లో చమురు కోసం బోర్లు వేస్తే కొన్నింట్లో నీళ్లు పడ్డాయి. కంపెనీలవాళ్లు వాటిని "నీళ్ల బావులు" అని రాసి భూమి యజమానులకు అప్పజెప్పి పోయారు. గొట్టాలు తుప్పు పట్టాయి. లోపలి ఉప్పునీరు పైకి తన్నుకొచ్చింది. ఇప్పుడక్కడ గట్టు పొడుగునా తెల్లగా ఉప్పు పెచ్చు, పెచ్చు మధ్య ఎండిన మోడులు, ముక్కు పగిలేలా కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్. మోతాదు మించితే ప్రాణమే తీస్తుంది.

దీన్ని పూడ్చండి మహాప్రభో అని చమురు బావులను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ తలుపు తడితే, ఏళ్ల తరబడి వచ్చిన జవాబు ఒక్కటే. అది నీళ్ల బావి, మేం చూసేది చమురు బావుల్ని.

ఆ సంస్థ పేరు టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్. 1891లో రైళ్లను అదుపు చేయడానికి పెట్టారు. మెల్లగా చమురు, గ్యాస్ దాని చేతికొచ్చాయి. 2005 నాటికి రైళ్ల పని మిగిలిన కాస్తా వేరే శాఖకు పోయింది. పేరు మాత్రం పోలేదు. రైళ్లతో ఏ సంబంధమూ లేని రైల్‌రోడ్ కమిషన్‌వారు, నీళ్లతో తమకు సంబంధం లేదని చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం?

చమురు పరిశ్రమ నీటి విషయంలో చాలా బాధ్యతగా ఉంటుందని మనవి చేయడానికే ఈ వ్యాసం. నీటికి ఎప్పుడు ఏ పేరు పెట్టాలో వాళ్లకు తెలిసినంతగా మన పురోహితులకు కూడా తెలియదు.

ముందు బారసాల సంగతి చూద్దాం. ఇవాళ చమురు తీయడానికి చేసే ఫ్రాకింగ్ అంటే నేలలోకి నిలువుగా రెండు మూడు కిలోమీటర్లు దిగి, అక్కణ్ణించి అడ్డంగా ఇంకో రెండు మూడు కిలోమీటర్లు తొలిచి, నీళ్లూ ఇసకా రసాయనాలూ కలిపి విపరీతమైన ఒత్తిడితో కొట్టి రాతిని చీల్చడం. ఒక్కో బావికి కోటి గ్యాలన్లకు పైగా నీళ్లు పట్టడం అక్కడ మామూలే. అంటే మన డాబాల మీదుండే వెయ్యి లీటర్ల ట్యాంకులు ముప్ఫై ఎనిమిది వేలు. ఇదంతా అనంతపురం కన్నా తక్కువ వాన పడే చోట. ఇంతవరకూ దాని పేరు "నీరు".

రాయి పగిలాక చమురుతో పాటు భూమి కడుపులో కోట్ల ఏళ్లుగా ఉన్న ఉప్పునీరు కూడా పైకొస్తుంది. పశ్చిమ టెక్సాస్ చమురు ప్రాంతమైన పర్మియన్ బేసిన్‌లో పీపా చమురుకి మూడు నాలుగు పీపాల నీళ్లు. లెక్కన చూస్తే వాళ్లది నీళ్ల వ్యాపారం, చమురు పక్క వ్యాపారం. సముద్రానికి మూడు రెట్ల ఉప్పదనం, అమ్మోనియా, బెంజీన్, కొద్దిగా రేడియం. దీనికి పెట్టిన పేరు "ప్రొడ్యూస్డ్ వాటర్", ఉత్పత్తి చేసిన నీరు. వడ్లు దంచితే ఊక వస్తుంది. ఊకను "ఉత్పత్తి చేసిన బియ్యం" అన్న మిల్లు యజమానిని మన గోదావరి జిల్లాల్లో కూడా నేను చూడలేదు.

మా చిన్నాన్న కొడుకు హ్యూస్టన్‌లో ఇలాంటి నీళ్లను పైపుల్లో తరలించే కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేస్తాడు. ఫోన్లో మాటల మధ్య నేను "ఆ మురుగునీళ్ల కంపెనీలో ఎలా ఉందిరా?" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "అన్నయ్యా, మురుగు అనకు. వేస్ట్ అని కూడా మేం అనం. వాటర్ మిడ్‌స్ట్రీమ్ అంటాం" అన్నాడు. పక్కన మేనేజరున్నాడేమోనని నాకూ టెన్షన్ వచ్చి వెంటనే సవరించుకున్నాను.

చట్టం కూడా నామకరణానికి తోడ్పడింది. చమురు బావుల దగ్గర పుట్టే వ్యర్థాలను ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద చూడక్కర్లేదని అమెరికా పర్యావరణ సంస్థ 1988లో తేల్చింది. అదే రసాయనం ఇంకో ఫ్యాక్టరీ గొట్టంలోంచి వస్తే ప్రమాదకరం, చమురు బావిలోంచి వస్తే కాదు. పుట్టిన ఇంటిని బట్టి గుణం మారడం మనకు కొత్తేం కాదు గనక దీని మీద వ్యాఖ్యానించను. 2005లో ఇంకో చట్టం వచ్చింది. డీజిల్ కలపనంత వరకూ, ఫ్రాకింగ్‌కు లోపలికి కొట్టే ద్రవాలకు తాగునీటి రక్షణ చట్టంలోని నిబంధనలు వర్తించవు. అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చేనీ, అంతకు ముందు హాలిబర్టన్ కంపెనీ అధిపతి. ఫ్రాకింగ్ పనిలో పేరున్న కంపెనీ అది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

ఇంత చెప్పినా అనుమానం తీరనివాళ్ల కోసం తీర్థం కూడా పుచ్చుకున్నారు. 2013లో కొలరాడో గవర్నర్ జాన్ హికెన్‌లూపర్ సెనేట్ కమిటీ ముందు, హాలిబర్టన్‌వాళ్లు తయారుచేసిన ఫ్రాకింగ్ ద్రవాన్ని తాను తాగానని, బల్ల చుట్టూ కూర్చుని దాదాపు ఒక క్రతువులా తాగామని చెప్పారు. ఆయన పూర్వాశ్రమంలో భూగర్భ శాస్త్రవేత్త, ఆపైన బీరు తయారీదారు. రెండు విధాలా అర్హులే. ఆహార పరిశ్రమలో వాడే సరుకులతో చేసిన ప్రత్యేకమైన ద్రవం అది. ఆయన పుచ్చుకున్నది లోపలికి వెళ్లేది. మూడు కిలోమీటర్లు తిరిగొచ్చిన ప్రసాదం సంగతి వేరు.

ఆ ప్రసాదాన్ని ఏం చేస్తారు? న్యాయంగా చెప్పాలంటే కొంత శుద్ధి చేసి మళ్లీ ఫ్రాకింగ్‌కే వాడుతున్నారు. మంచి పనే, ఏటేటా పెరుగుతోంది కూడా. మిగిలిన మహా భాగాన్ని తిరిగి నేలలోకే కొడతారు. కంటికి కనిపించనిది కడుపులో దాచుకోవడం భూదేవికి అలవాటే కదా. ఓక్లహోమాలో కొట్టి కొట్టి చూస్తే, ఏడాదికి ఒకటో రెండో వచ్చే 3 తీవ్రత పైబడిన భూకంపాలు 2015లో 900 దాటాయి. 2016 సెప్టెంబర్‌లో పానీ అనే ఊరి దగ్గర 5.8 తీవ్రతతో నేల కంపించింది. పశ్చిమ టెక్సాస్ వంతు 2022 నవంబర్‌లో వచ్చింది, 5.4 తీవ్రతతో. నీళ్లను బాగా లోతుకు కొట్టే బావుల వల్లే అని తెలిశాక రైల్‌రోడ్ కమిషన్ కొన్నిచోట్ల వాటిని ఆపించింది. నీళ్లు ఆగవుగా, పై పొరల్లోకి మళ్లాయి. దుప్పటి తల మీదికి లాగితే కాళ్లు బయటపడ్డట్టు, ఒత్తిడి పెరిగిన చోట పాత బావులు మూతులు తెరిచాయి. 2024 అక్టోబర్‌లో టోయా అనే ఊరి దగ్గర ఒక పాత బావిలోంచి నీళ్లు పదంతస్తుల మేడంత ఎత్తున చిమ్మాయి. మూయడానికి రోజులు పట్టింది. 2025లో కమిషనే నేలలోకి కొట్టే ఒత్తిడికి కొత్త హద్దులు పెట్టింది.

ఇక్కడొక పాత తీర్పు గుర్తొస్తుంది. డెనిసన్ అనే ఊళ్లో ఒక రైలు కంపెనీ తన ఇంజన్ల కోసం పెద్ద బావి తవ్వితే పక్కింటాయన బావి ఎండిపోయింది. ఆయన కోర్టుకెళ్లాడు. 1904లో టెక్సాస్ సుప్రీంకోర్టు రైలు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. భూగర్భ జలాల నడక రహస్యం, గుప్తం, అంతుచిక్కనిది కాబట్టి దాని మీద చట్టం చేయడం కుదరదంది. పక్కింటాయన నీళ్లు పోయినప్పుడు భూగర్భం బ్రహ్మరహస్యం. కంపెనీవాళ్లు ఉప్పునీళ్లు దింపేటప్పుడు మాత్రం ఏ పొరలో ఎంతవరకు పోయి ఎక్కడ ఆగుతాయో పటం గీసి చూపిస్తారు. సైన్సు ఎంత ఎదిగిందో!

ఇప్పుడు నీటికి మరో నామకరణం జరుగుతోంది. నిన్నటి దాకా పారబోయాల్సింది ఇవాళ "వనరు". శుద్ధి చేసి పొలాలకు పెట్టొచ్చంటున్నారు. కాలిఫోర్నియాలో కెర్న్ కౌంటీ రైతులు కొందరు 1990ల నుంచీ బాదం, పిస్తా తోటలకు చమురు క్షేత్రాల నీళ్లు కలిపి వాడుతున్నారు. అక్కడి నీళ్లలో ఉప్పు బాగా తక్కువ కాబట్టి సాగింది. టెక్సాస్ నీళ్లతో అలాంటి పని చేయాలంటే శుద్ధి ఖర్చు కంపెనీలను భయపెట్టింది, దానికన్నా తర్వాత ఎవరైనా కేసు వేస్తారేమోనన్న బెంగ ఎక్కువ భయపెట్టింది. 2025లో టెక్సాస్ శాసనసభ రెండో భయం తీర్చింది. శుద్ధి చేసి అమ్మినవాళ్లకూ వాడినవాళ్లకూ కోర్టుల నుంచి చాలావరకు రక్షణ కల్పిస్తూ చట్టం చేసింది. మొదటిది ఇంకా పరిశోధనలో ఉంది.

నీటి విషయంలో నిజంగా బాధ్యతగా, స్వయంగా కదిలిన పెద్దమనిషి గురించి చెప్పకపోతే పాపం. రెక్స్ టిలర్సన్, చమురు కంపెనీ ఎక్సాన్ మొబిల్‌కు అధిపతిగా ఉన్న రోజుల్లో, టెక్సాస్‌లోని బార్టన్‌విల్‌లో తన ఇంటి దగ్గర ఒక నీళ్ల కంపెనీ కడుతున్న ఎత్తైన ట్యాంకును ఆపాలని ఇరుగుపొరుగుతో కలిసి కోర్టుకెళ్లారు. ఆ నీళ్లు ఫ్రాకింగ్‌కు అమ్ముతారని, బరువు లారీలు తిరిగి రోద, ట్రాఫిక్ పెరుగుతాయని వాళ్ల దావాలో ఉంది. 2014లో ఈ సంగతి పత్రికలకెక్కింది. ఎక్సాన్ చేతిలో అప్పటికే ఫ్రాకింగ్ చేసే పెద్ద కంపెనీ ఉంది.

ఇంతకీ ఆ ట్యాంకులో ఉండబోయేవి మంచినీళ్లు.