నాలుగు నిమిషాల మహాభినిష్క్రమణం

పెద్ద రాక్ కచేరీకి ఒక్కసారైనా వెళ్లినవారికి ‘ఎన్‌కోర్’ ఘట్టం గురించి, అంటే వెళ్లిపోయినట్టు వెళ్లి, జనం బతిమాలాక తిరిగొచ్చి పాడటం గురించి, వర్ణించి చెప్పనక్కర్లేదు. గంటన్నర పాడిన గాయకుడు మైకును రెండు చేతులా పట్టుకుని, గొంతులోకి కొంచెం తడి తెచ్చుకుని, ‘ఈ రాత్రిని జన్మలో మరచిపోలేం, ఇక సెలవు’ అంటాడు. నిన్న ఇంకో ఊళ్లో కూడా ఇదే అన్నాడు. డ్రమ్మరు లేచి దండం పెడతాడు. అందరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని చీకట్లోకి నడిచిపోతారు. మైదానం నిండా ఉన్న జనం ఏ పాట కోసం వచ్చారో ఆ పాట మాత్రం ఇంకా పాడలేదు.

ఇంతటి వియోగంలోనూ ఎవరూ చెప్పులు వెతుక్కోరు. ఎందుకంటే మైదానంలో దీపాలు వెలగలేదు, స్పీకర్లలో రికార్డు పాట మొదలుకాలేదు. ఆ రెండూ జరిగితేనే నిజమైన సెలవు. అంతవరకు జరిగేది అలకపాన్పు. అల్లుడు లేస్తాడని అందరికీ తెలుసు, అయినా బతిమాలాలి.

బతిమాలుతాం. కాళ్లతో నేలను తంతాం, ఫోన్లలో దీపాలు వెలిగిస్తాం, అరగంట కిందటే పోయిన గొంతుతో మళ్లీ అరుస్తాం. ఈలోగా వేదిక మీద ఏం జరుగుతోందో నేను శ్రద్ధగా గమనించాను. చిన్న టార్చిని పళ్ల మధ్య కరిచి పట్టుకుని ఒక మనిషి వచ్చి, ఇప్పటికే శ్రుతి చేసిన గిటారు ఒకటి తెచ్చి స్టాండులో నిలబెట్టాడు. ఎవరి కోసమో మరి! ఇంకొకతను గాయకుడు నిలబడే చోట నీళ్ల సీసా, దాని పక్కన మడత విప్పని తువాలు పెట్టి వెళ్లాడు. మైదానం మధ్య డేరాలో సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీయనే లేదు, హాయిగా మెడ విరుచుకున్నాడు. వేదిక నేల మీద టేపుతో అంటించిన కాగితంలో పాటల వరుస ఉంటుంది. చివర ఒక గీత, గీత కింద మరో మూడు పాటలు. మన గుండెకోతకు వాళ్లు పెట్టుకున్న పేరు ఆ గీత.

ఒకసారి ప్రయోగం కూడా చేశాను. నోరు మెదపకుండా, చప్పట్లు కొట్టకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాలుగు నిమిషాలకు వచ్చేశారు. గాయకుడు చొక్కా మార్చుకుని మరీ వచ్చాడు. మనల్ని విడిచి ఉండలేక పరుగెత్తుకొచ్చినవాడికి బొత్తాలన్నీ పెట్టుకునే తీరిక ఎలా దొరికిందో!

‘ఎన్‌కోర్’ ఫ్రెంచి మాట, ‘మళ్లీ’ అని అర్థం. అసలు ఫ్రెంచివాళ్లే కచేరీల్లో ‘బిస్’ అని అరుస్తారు. అరువు తెచ్చుకున్న మాట కూడా అబద్ధమే అన్నమాట.

నిజాయితీపరులు లేకపోలేదు. అమెరికా రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ కచేరీ అయ్యాక కదలకుండా కూర్చున్న జనానికి ‘ఎల్విస్ భవనం విడిచి వెళ్లారు’ అని మైకులో చెప్పేవారు. చెప్పినట్టే ఆయన వెళ్లిపోయేవాడు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బ్రిటిష్ బృందం బీటిల్స్ 55 వేల మందికి పైగా జనం ముందు 12 పాటలు, దాదాపు అరగంటలో పాడి వెళ్లిపోయారు. ఇక వేళ సంగతంటారా, 2012లో లండన్ హైడ్ పార్కులో అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ మూడు గంటలు దాటి పాడి, బీటిల్స్‌లో పాడిన పాల్ మెకార్ట్నీని కూడా వేదిక మీదికి పిలిస్తే, అనుమతించిన వేళ మించిందని నిర్వాహకులు మైకులు ఆపేశారు. వేళ అంత కచ్చితం. అంటే గాయకుడి కన్నీటికి కూడా ఆ పట్టికలో నిమిషాలు కేటాయించే ఉంటారు.

ఇంతవరకు నవ్వుకున్నాను. కిందటిసారి నా పక్కన నిలబడ్డ ఆవిడ వల్ల నవ్వు పోయింది. తెల్లవారుజామున ఆసుపత్రిలో డ్యూటీ అట, ఆఖరి బస్సు అందుకోవాలి. ఆ ఒక్క పాట కోసమే వచ్చానని సాయంత్రం నుంచి మూడుసార్లు చెప్పింది. వేదిక దీపాలు ఆరగానే ఫోనులో వేళ చూసుకుని, ‘ఆ పాట వస్తుందా అండీ?’ అని అడిగింది. ‘వస్తుందమ్మా, వాళ్ల వీడ్కోలు అయ్యాక’ అన్నాను. రెండు నిమిషాలు ఆగింది. మరో నిమిషం ఆగింది. బ్యాగు ఛాతీకి అదుముకుని, జనాన్ని తప్పుకోమంటూ వెళ్లిపోయింది.

ఆవిడ కొన్న టికెట్టులో ఆ పాట లేదా? డబ్బు ముందే కట్టిన సరుకును తెర వెనక దాచి, ఇంకోసారి అడుక్కోండి అనే హక్కు ఎవరిచ్చారు వీళ్లకు? కారు ఉన్నవాడు అడుక్కుంటాడు, రేపు సెలవున్నవాడు అడుక్కుంటాడు. పొద్దున్నే పనికి వెళ్లాల్సిన మనిషికి పాట లేదు. పాడటం ఇష్టం లేకపోతే మానేయండి. పాడేదుంటే ఆవిడ ఉన్నప్పుడు పాడి చావండి!

వేదిక మీద దీపాలు వెలిగాయి. కొత్త చొక్కా వచ్చింది. తెలిసిన గిటారు మోగగానే మైదానం ఊగిపోయింది. నా పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. డ్రమ్ముల దరువు చాలా దూరం పోతుంది, బస్టాపు దాకా కూడా వినపడుతుంది. మాటలు మాత్రం వినపడవు.

‘మిమ్మల్ని వదిలి వెళ్లలేకపోయాం’ అన్నాడు గాయకుడు.