వారంలో కుళ్లే గడ్డి ఎక్కడుందో చూపించండి

"వరిగడ్డి కాల్చకండి. నిండా నీళ్లు పెట్టి దమ్ములో (నాట్లకి ముందు నీళ్లలో దున్నేటప్పుడు) తొక్కేయండి. వారంలో కుళ్లి ఎరువైపోతుంది, దాళ్వాకి (రెండో పంటకి) యూరియా కొనక్కర్లేదు. ప్రతి రైతుకూ పంపండి." దీని కింద ఐదు సూత్రాలు. ఈ మెసేజ్ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వచ్చింది, ఊరి గ్రూపులో వచ్చింది, చివరికి ఎరువుల కొట్టాయన కూడా పంపాడు. యూరియా అమ్మే మనిషే యూరియా వద్దంటున్నాడంటే చదవకుండానే ఫార్వర్డ్ నొక్కేస్తున్నారని అర్థం.

నీళ్లు ఎక్కువుంటే తొందరగా కుళ్లుతుందన్నది మొదటి సూత్రం. ఇది పూర్తిగా తిరగబడిన మాట. గడ్డిని చకచకా తినే సూక్ష్మజీవులకి గాలి కావాలి. చేను ముంచిన ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది. ఆపైన మిగిలేవి గాలి లేకుండా బతికేవి, వాటి పని నత్తనడక. నీరు దిగని మన నల్లమట్టిలో ఈ పరిస్థితి అలాగే కొనసాగుతుంది. అనుమానముంటే తొక్కేసిన వారానికి చేలో దిగి ఒక దుబ్బు పైకి లాగండి. పుల్ల పుల్లలాగే ఉంటుంది, మీద నల్లటి జిగురు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఎరువు వాసన అలా ఉండదు.

అసలు కొంప ముంచేది రెండోది, యూరియా మానేయమన్నది. వరిగడ్డిలో నత్రజని ఒక పాలైతే కర్బనం 60, 70 పాళ్లు. ఆ నిష్పత్తి 25 దాటితే గడ్డిలో ఉన్న నత్రజని సూక్ష్మజీవులకి చాలదు. కొరత పడ్డది మట్టిలోంచి లాక్కుంటాయి, అంటే అప్పుడే నాటిన నారు నోటి దగ్గర కూడు లాక్కుంటాయి. పైగా గాలాడని చోట గడ్డి కుళ్లితే ఎసిటిక్ లాంటి ఆమ్లాలు పుట్టి లేత వేళ్లు దెబ్బతింటాయి. చేను పసుపెక్కుతుంది, పిలకలు రావు. అప్పుడు విత్తనం మంచిది కాదంటూ అందరూ విత్తనం కొట్టు మీద పడతారు!

లెక్క కూడా చూడండి. టన్ను గడ్డిలో నత్రజని 5, 6 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోలు. అంటే ఎకరం గడ్డంతా తొక్కినా ఒక్క బస్తాకి సాటిరాదు. అదీ అంతా వెంటనే మొక్కకి అందితే. ఇంత గొప్ప సలహా ఇచ్చిన మహానుభావుడు దాళ్వా కోతల నాడు గట్టు మీదకొచ్చి దిగుబడి తేడా కట్టిస్తాడా?

వేడికి గడ్డి దానంతటదే కుళ్లుతుందన్నది సగం నిజం. 10 డిగ్రీలు పెరిగితే కుళ్లే వేగం సుమారు రెట్టింపవుతుంది, కానీ తేమ ఉంటేనే. కాలవలు కట్టేశాక రోహిణి కార్తెలో నెర్రెలిచ్చిన చేలో మోడు విరిచి చూడండి, ఫట్‌మంటుంది. తొలకరి పడేదాకా అది అలాగే ఉంటుంది. దాళ్వా నాట్లేమో చలి రాత్రుల్లో పడతాయి.

చేలో బుడగలొస్తే నేల ఊపిరి తీసుకుంటోందట. అది గాలాడని చోట గడ్డి కుళ్లితే పుట్టే మీథేన్ వాయువు బాబూ. అమావాస్య నాడు దున్నమన్నదానికి జవాబు చెప్పడం కూడా దండగ.

ఇక కాల్చొద్దన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది, పొటాష్‌లోనూ కొంత పోతుంది. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి గడ్డి కలుపుతూ వచ్చిన చేను బలపడుతుంది. నీటిలో నెమ్మదిగా కుళ్లడం వల్లే మన వరి చేలల్లో కర్బనం నిలుస్తోంది. మెసేజ్ రాసినాయన లేనే లేదన్న ఆ నెమ్మదే ఇక్కడ మన ఆస్తి.

కాబట్టి సార్వా (మొదటి పంట) కోత కాగానే, నేలలో పదునుండగానే పైపైన దున్నేయండి. రెండు మూడు వారాలు గాలి తగలనిచ్చి ఆ తర్వాత నీళ్లు పెట్టండి. మొదటి దఫా యూరియా మానొద్దు. కాలవ వంతుల హడావుడిలో అన్ని రోజులు దొరకవంటారా, గడ్డి కట్టలు కట్టించి పశువులకి తోలుకోండి.