బ్రేకింగ్ న్యూస్ స్క్రోలింగు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బ్రేకింగ్ న్యూస్ స్క్రోలింగు గారి దివ్యసముఖమునకు,

బెంగళూరు మారతహళ్ళిలో కాపురముంటూ, కన్నడ వార్తలు సగమే అర్థమై, మిగతా సగానికి తెలుగు ఛానళ్ళను ఆశ్రయించే ఒక వీక్షకుడు నమస్కరించి వ్రాయునది.

ఎన్నికల కాలంలో తమరు చరిత్రకు చేస్తున్న సేవ సామాన్యమైనది కాదు. నాయకుడు వేదిక మీద ఒక పాతకాలపు ముచ్చట ఎత్తుకోగానే, అది పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా, ఎవరన్నారన్న మాటను బరువనుకుని దించేసి, మిగిలినదాన్ని ఎర్రపట్టీ మీద ఎక్కించి మా ముందుగదిలోకి తోలేస్తారు. ఆ క్షణం నుంచి అది ప్రసంగం కాదు, వార్త.

2018 కర్ణాటక శాసనసభ ఎన్నికలు తమకు గుర్తుండే ఉంటాయి. మే 3న కలబురగి సభలో ప్రధాని మోదీ, 1948లో జనరల్ తిమ్మయ్య నాయకత్వంలో పాకిస్తాన్‌పై యుద్ధం గెలిచామనీ, ఆ తరువాత ప్రధాని నెహ్రూ, రక్షణమంత్రి కృష్ణ మేనన్ ఆయనను పదేపదే అవమానించారనీ, అందువల్లే ఆయన రాజీనామా చేయవలసి వచ్చిందనీ చెప్పారు. 1948లో రక్షణమంత్రి బల్దేవ్ సింగ్. మేనన్ అప్పటికి లండన్‌లో హైకమిషనర్. సైన్యాధిపతి బ్రిటిష్ వాడైన జనరల్ బూచర్. తిమ్మయ్య సైన్యాధిపతి అయినదీ, మేనన్ రక్షణమంత్రి అయినదీ 1957లో. ఫోను పట్టుకోవడం వచ్చిన బడిపిల్లవాడు కూడా వెతికి చెప్పగల ఈ సంగతులు ప్రత్యక్ష ప్రసారానికి అడ్డం రాలేదు. మరునాటికి కొన్ని పత్రికలూ వెబ్‌సైట్లూ సంవత్సరాలతో సహా సరిదిద్దాయి గాని, సవరణకు ఎర్రరంగు పూసే ఆచారం తమ వంశంలో లేదు గదా.

ఆరు రోజుల తరువాత బీదర్‌లో భగత్ సింగ్ వంతు వచ్చింది. జైల్లో ఉన్నప్పుడు ఆయనను కాంగ్రెస్ నాయకుడెవరైనా చూడవచ్చాడా అని ప్రధాని ప్రశ్న. నెహ్రూ 1929 ఆగస్టులో లాహోరు జైలుకు వెళ్ళి చూసివచ్చారు. ఆ సంగతి ఆత్మకథలోనే రాసుకున్నారు.

ఇటువంటప్పుడు రాత్రి జరిగే చర్చ మరీ ముచ్చటగా ఉంటుంది. 1948 అన్నది ఒక పార్టీ అభిప్రాయమూ, 1957 అన్నది ఇంకొక పార్టీ అభిప్రాయమూ అయినట్టు యాంకరు గారు ఇద్దరికీ చెరిసగం సమయం పంచుతారు. పండుగ తిథి దగ్గర పంచాంగకర్తలు కూడా ఇంత ఉదారంగా ఉండరు. చివరికి ప్రధానికి చరిత్ర తెలియదని ఒకరూ, కాంగ్రెస్‌కు సైన్యమంటే గౌరవం లేదని మరొకరూ అరిచి అలసిపోతారు; తిమ్మయ్య ఎవరో మాత్రం ఎవరూ చెప్పరు. పేరు విని ఆయన మన అనంతపురం వైపు మనిషేమోనని అనుకునే తెలుగువారు కొందరైనా ఉండే ఉంటారు.

నిజానికి అసలు కథ ఇంతకంటే బాగుంటుంది. కొడగులోని మడికేరిలో పుట్టి, ఈ బెంగళూరులోనే బిషప్ కాటన్ బడిలో చదివిన ఆ మనిషి, 1948 నవంబరు 1న, ఒక డివిజన్ కమాండరుగా, కశ్మీరు నుంచి లడఖ్‌కు దారి అయిన, 11,000 అడుగులకు పైనున్న జోజిలా కనుమ మీదికి స్టూవర్ట్ ట్యాంకులను ఎక్కించి శత్రువును నిర్ఘాంతపరిచాడు. పదకొండేళ్ళ తరువాత, 1959 ఆగస్టు 31న, మేనన్‌తో పొసగక సైన్యాధిపతి పదవికి రాజీనామా ఇచ్చాడు. నెహ్రూ బతిమాలి దాన్ని వెనక్కి తీసుకునేలా చేసి, ఆ వెంటనే పార్లమెంటులో ఆయననే తప్పుపట్టారు. అంటే నెహ్రూను నిలదీయడానికి కావలసిన సరుకంతా సరైన తేదీలలోనే ఉంది, ఏళ్ళను అటూ ఇటూ జరపనక్కరలేదు. వక్తకు అది అందలేదు సరే, ఆయనను ఎండగట్టాలనుకున్న ఛానళ్ళకూ అందలేదు, ఎందుకంటే వాటికి కావలసింది తప్పు దొరకడమే గాని ఆ తప్పు వెనకాల ఏముందో కాదు. (ఈ ఊళ్ళో మన తొలి భారతీయ సైన్యాధిపతి కరియప్ప పేరుతో ఒక రోడ్డూ తిమ్మయ్య పేరుతో ఒక రోడ్డూ ఉన్నాయి, మనమందరం వాటిని రెసిడెన్సీ రోడ్డు, రిచ్‌మండ్ రోడ్డు అనే పిలుస్తాం. కాబట్టి ఈ మరపులో తమరు ఒంటరివారు కారు.)

ఈ అలవాటు ఏ ఒక్క పార్టీదో కాదని తమకు తెలుసు. 1799లో శ్రీరంగపట్టణంలో కన్నుమూసిన టిప్పు సుల్తాన్‌కు ఇప్పటికీ ఎన్నికల డ్యూటీ తప్పడం లేదు. ఒక వేదిక మీద వీరుడిగా, పక్క వేదిక మీద క్రూరుడిగా ఒకేరోజు హాజరు వేయించుకుంటున్నాడు, తమరు రెండింటినీ ఒకే వేగంతో నడిపిస్తున్నారు.

నా కోరిక చిన్నది. నాయకుడు ఫలానా సంవత్సరం అన్నప్పుడల్లా, ఆ ఏడు ఆ పదవిలో ఎవరున్నారో ఒక్క వాక్యం పక్కన వేయించండి. బంగారం ధరకూ, రాశిఫలాలకూ చోటున్న తెర మీద బల్దేవ్ సింగ్ పేరుకు చోటు దొరకకపోదు. ఆయన తరఫున ప్రకటన ఇచ్చేవాళ్ళెవరూ లేరన్నది వేరే సంగతి.

ఇట్లు,
తమ చలనాన్నే చూస్తూ అన్నం తినే
ఒక బెంగళూరు తెలుగు ఓటరు