మస్టరులో ‘మగ 4, ఆడ 2’ అని రాస్తే సరిపోతుందా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో స్లాబు పడినా, గుణుపురంలో గోడౌను లేచినా చాలా సైట్లలో మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, ఇలాగే ఉంటుంది: ‘మేస్త్రి, మగ 4, ఆడ 2’. పేర్లుండవు. మేస్త్రి ఉన్నాడుగా అన్న ధీమా.

ఆ మేస్త్రి అడ్వాన్సు పట్టుకుని ఆంధ్ర సరిహద్దులోని పాతపట్నం దాటేస్తే? 2019 వేతనాల కోడ్ 43వ సెక్షన్ ప్రకారం, కూలి ఇవ్వాల్సినవాడు ఎగ్గొడితే ఆ భారం సంస్థ యజమానిదే. ఎవరికెంత ముట్టిందో కాగితం లేనివాడు రెండోసారి కట్టాల్సిందే.

పరంజా విరిగి మనిషి పోతే కథ ఇంకా ముదురుతుంది. చట్టం ప్రకారం పరిహారం లెక్క ఇదీ: నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. గుణకం 30 ఏళ్లకు 207.98, 40 ఏళ్లకు 184.17. జీతం 15,000 అనుకుంటే మొదటిది 15,59,850 రూపాయలు, రెండోది 13,81,275. వయసు రుజువు లేకపోతే 1,78,575 రూపాయల తగాదా. అసలు వారసులు గుమ్మ బ్లాకులో ఉన్నారో, మోహనాలో ఉన్నారో ఎవరు చెప్పాలి? బీమా కంపెనీ మాత్రం తాపీగా అడుగుతుంది, ఇతను మీ పనివాడేనని రుజువేదీ అని. ప్రీమియం కట్టీ లాభం లేదు.

కాగితాలడిగితే కూలీలు పక్క సైటుకు పోతారంటారు. కొంత నిజమే. అయితే వాళ్ల భయం ఒరిజినల్ ఆధార్ లాగేసుకుంటారని. అలా లాక్కుని, బాకీ తీరేదాకా కదలనివ్వకపోతే 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మెడకు చుట్టుకుంటుంది. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. పనిలోకి దిగకముందే పేరు, తండ్రి పేరు, ఊరు, బ్లాకు, పుట్టిన సంవత్సరం, ఇంటివాళ్ల ఫోను రాసుకుని ఒక ఫొటో తీయాలి. అడ్వాన్సు కూలీ ఖాతాకే వేయాలి, మేస్త్రి కమీషన్ వేరే. మేస్త్రి గొణుగుతాడు, గొణగనీ.

ప్రభుత్వాలదీ ఇదే తీరు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురుంటే వర్తించేది. 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. సరిహద్దు దాటే చిన్న ముఠాలు లెక్కలోంచే జారిపోయాయి. పంచాయతీ రోడ్డు బిల్లుకు ఇంజనీరు కంకర మందం కొలిచి ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కిస్తాడు, ఆ కంకర పరిచినవాళ్లెవరని అడగడు. పేర్లున్న మస్టరు నకలు జతచేయనిదే బిల్లు పాస్ కాదని గజపతి, రాయగడ జిల్లాల్లో ఒక ఉత్తర్వు ఇస్తే, కాంట్రాక్టర్లకు వారంలో పేర్లు రాయడం వచ్చేస్తుంది.